నలభై అడుగులకొక బల్ల

మా స్టూలు మామయ్య చిన్నప్పుడు పరుగు పందెంలో అందరికంటే ముందు దూసుకొస్తూ, గీత ఇంకా నాలుగడుగులుందనగా చతికిలబడి కూర్చుండిపోయాడని ఒక పుకారు. చూసినవాళ్ళెవరూ లేరు. నేనూ చూడలేదు. కానీ చూసినట్టే చెప్పగలను.

ఎందుకంటే ఆ మనిషికున్న జబ్బల్లా ఒక్కటే, కూర్చోవడం. చంకలో మడత స్టూలు లేకుండా గడప దాటడు. పాలకి వెళ్తే దారిలో ఆరుసార్లు కూర్చుంటాడు. ఆయన ఇల్లు చేరేలోపు ఎటూ పెరుగైపోతాయని అత్తయ్య తోడుపెట్టడమే మానేసింది.

పోనీ కూర్చుని చేసే ఉద్యోగమా అంటే, సైకిలు షాపు! అందరి చక్రాలూ తిప్పుతాడు, తను మాత్రం కదలడు. నా కుట్టుమిషను పక్క కొట్లోనే. కిటికీ కూడా అటువైపే. కాబట్టి ఆయన కదలికలన్నీ నాకు తెలుసు. అంటే, కూర్చోవడాలన్నీ.

ఆయన బద్ధకానికి బలైపోయిన మనిషి నర్సమ్మ గారు. మా వీధిలో సగం మందిని పుట్టించిందీ ఆవిడే, అందరినీ తిట్టి పెంచిందీ ఆవిడే. ఎనభై దాటినా చెయ్యి పట్టుకోబోతే ఆ చేతి మీదే ఒక్కటిస్తుంది. రోజూ సాయంత్రం ఇద్దరూ స్కూలు వెనక తోటకి బయల్దేరేవాళ్ళు. నాలుగిళ్ళు దాటగానే మామయ్య మూలిగేవాడు.

“అబ్బా! ఇక నావల్ల కాదు పెద్దమ్మా.”

“నా చేతుల్లో పుట్టినవాడివి, నీకప్పుడే కాళ్ళు పోయాయిట్రా?”

“పోయాయి. నువ్వూ కూర్చో. నేనొక్కణ్ణే కూర్చుంటే జనం నవ్వుతారు.”

“నా ఖర్మ!” అని ఆవిడ స్టూలు మీద కూర్చునేది. మామయ్య ఏ అరుగో చూసుకునేవాడు.

ఈమధ్య ఆ రోడ్డు మీద లారీలు ఎక్కువయ్యాయి. పిల్లలు సైకిళ్ళెక్కి స్కూలుకి వెళ్తుంటే, వాళ్ళు తిరిగొచ్చేదాకా తల్లులు వీధిలోనే నిలబడుతున్నారు. నర్సమ్మ గారి షికారూ ఆగింది. కిటికీ దగ్గర కూర్చుని, వచ్చేపోయేవాళ్ళని తిట్టి కాలక్షేపం చేస్తోంది.

అప్పుడే హెడ్మిస్ట్రెస్ గారు పట్టుబట్టి స్కూల్లో మీటింగు పెట్టించారు. వీధి చివరినించి తోట దాకా ఇళ్ళ వెనకాల రెండు వందల గజాల దారి. సగం నడిచేవాళ్ళకి, సగం సైకిళ్ళకి, మధ్యలో పసుపు గీత. అంతా బాగుంది. చిక్కల్లా ఆ దారి మామయ్య పెరట్లోంచి పోవాలి.

చిన్నపిల్లల బెంచీల్లో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ఇరుక్కున్నాం. మామయ్య మాత్రం సొంత స్టూలు మీద మహారాజులా ఉన్నాడు.

“స్థలం ఇస్తాను, ఊరికే ఇస్తాను,” అన్నాడు. “నలభై అడుగులకొక బల్ల వెయ్యాలి. లేదంటే సంతకం లేదు.”

దారి వెయ్యడానికొచ్చిన ఇంజినీరు గారికి మండింది. “ఇది నడిచే దారా, కచేరీ పెట్టే చోటా? బల్లలేస్తే సైకిళ్ళకి చోటు చాలదు.”

“నా పెరటి షెడ్డు గోడ రెండడుగులు లోపలికి జరుపుకుంటాను.”

“కూర్చోడానికి గోడ పడగొట్టుకునేవాణ్ణి నిన్నొక్కణ్ణే చూశానయ్యా!” అన్నారు హెడ్మిస్ట్రెస్ గారు.

అందరం పగలబడి నవ్వాం. నేనైతే బెంచీలోంచి ఊడి పడ్డాను. మామయ్య మాత్రం దిగిరాలేదు. చివరికి ఇంజినీరు గారు సరేనని, మర్నాడు తనే నడుస్తూ లెక్కపెట్టి, నలభై అడుగులకొకటి చొప్పున సున్నంతో గుర్తులు పెట్టారు. ఆయనవి కొంగ కాళ్ళు. అంత దారికీ నాలుగే గుర్తులు పడ్డాయి.

ఆ మధ్యాహ్నం జాకెట్టుకి గుండీలు కుడుతూ కిటికీలోంచి పెరటి దారివైపు చూద్దును కదా, మామయ్య ఆ గుర్తులు చెరిపేస్తున్నాడు! ఆ మొదటినించి మళ్ళీ అడుగులు లెక్కపెట్టడం మొదలెట్టాడు. అవేం అడుగులు తల్లీ! ఆరడుగుల మనిషి, జానెడు జానెడు వేస్తున్నాడు. ఎడమకాలు ఆనించి, కాస్త ఆగి, కుడికాలు ఈడ్చి, నడుం మీద చెయ్యేసి. నాకు నవ్వాగలేదు. సూది వేల్లో గుచ్చుకుంది.

సగం నవ్వులో టక్కున ఆగాను. అది మామయ్య నడక కాదు. ఆ ఈడ్పు, ఆ నడుం మీద చెయ్యి, అచ్చం నర్సమ్మ గారివి. ముప్పై ఎనిమిది, ముప్పై తొమ్మిది, నలభై. ఆగాడు, ఆయాసపడ్డాడు, గుర్తు పెట్టాడు. అప్పుడు వెలిగింది నాకు, ఆ మూలుగులన్నీ ఎవరి కాళ్ళ కోసమో.

మొత్తం తొమ్మిది గుర్తులు.

“ఇవెవరి అడుగులయ్యా?” అని ఇంజినీరు గారు అరిచారు.

“స్థలం నాది, అడుగులూ నావే,” అని మామయ్య సంతకం పెట్టేశాడు.

నిజం నాకు నాలిక చివరిదాకా వచ్చింది. కానీ నర్సమ్మ గారి చెవిన పడితే, బల్ల మీద కూర్చోవడం కాదు, ఆ దారే తొక్కదు. అందుకని మింగేశాను. జన్మలో మొదటిసారి. రెండు రోజులు కడుపుబ్బరం.

దారి పూర్తయింది. నేల ఎంత చదునంటే, గోలీ పెడితే పెట్టినచోటే ఉంటుంది. మొదటి సాయంత్రం ఒకపక్క పిల్లలు గంటలు కొట్టుకుంటూ సైకిళ్ళ మీద పోతుంటే, ఇంకోపక్క నర్సమ్మ గారూ మామయ్యా. బల్ల వచ్చినప్పుడల్లా మూలుగు, తిట్టు, కూర్చోవడం. తొమ్మిదో బల్ల మీద కూర్చుని ఆవిడ కళ్ళు తడుముకుంది.

“కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయానురా! తోట దాకా వచ్చి పువ్వులు కనపడకపోతే ఎలా?”

మామయ్య లేచాడు. చెప్తే నమ్మరు, కాళ్ళు నేలకి తగల్లేదు. సైకిళ్ళని దాటేసి, కళ్ళజోడు తీసుకుని, ఆవిడ ఆవలింత పూర్తయ్యేలోపు తిరిగొచ్చాడు. నన్ను చూడగానే ధబేలున బల్ల మీద పడి, “అబ్బా, కాళ్ళు!” అన్నాడు.

ఇదంతా రాసి నిన్న ఆయనకి చదివి వినిపించాను. నర్సమ్మ గారికి ఇంత చిన్న అక్షరాలు ఎటూ ఆనవు, ఆ భయం లేదు.

“అబద్ధం!” అన్నాడు స్టూలు మీదనించి. “పందెం అబద్ధం, అడుగులు అబద్ధం. నేను పరిగెత్తలేదు. దారి వాలుగా ఉంది, జారాను.”

“మరి తిరిగొచ్చేటప్పుడో మామయ్యా?”

“అప్పుడూ వాలే.”