మా మాధవి పేటెంటూ, నా పన్నెండు నిమిషాల పాఠమూ

ఏరా రిషీ, ఏమే అక్షితా, ఆ ఫోన్లు పక్కన పెట్టి ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పండి. మనకొక కొత్త సంగతి తెలిసిందనుకోండి. దాన్ని నలుగురికీ చెప్పాలా, నోరు కట్టుకుని కూర్చోవాలా?

"చెప్పాలె అమ్మమ్మా!"

శభాష్! ఇద్దరికీ చెరొక సున్నా. బాధపడకండి, నాకూ సున్నానే వచ్చింది. ముప్పై ఒక్క ఏళ్లు పినపాక మండలంలో సైన్సు టీచరుగా ఉద్యోగం వెలగబెట్టి, రిటైరై, ఇంత వయసొచ్చాక, మీరు చెప్పిన జవాబునే నమ్మి, మీ చిన్నమ్మ రెండేళ్ల కష్టాన్ని పన్నెండు నిమిషాల్లో గోదావరిలో కలపబోయాను. వరుసగా చెబుతాను. మధ్యలో అనుమానాలుంటే చెయ్యెత్తండి.

మీ చిన్నమ్మ మాధవి హైదరాబాద్‌లో చిప్పులు డిజైన్ చేస్తుంది కదా. పోయిన నెల లాప్‌టాప్ పట్టుకుని ఇంటికొచ్చింది. "అమ్మా, రెండు వారాలు నన్ను కదిలియ్యకు. పేటెంట్ రాసుకోవాలె" అంది. కదిలించలేదు. టీ, ఉప్మా, మళ్లీ టీ, జామకాయ ముక్కలు, ఫ్యాను ఎక్కువైందా తక్కువైందా అన్న విచారణ... ఇంతకు మించి ఒక్కసారి కూడా కదిలించలేదు.

వాళ్ల ఆఫీసులో క్యాంటీన్‌కు పోయే దారిలో ఒక గోడ ఉందట. పేటెంటు తెచ్చుకున్న వాళ్ల పేర్లు ఇత్తడి పలకల మీద చెక్కించి ఆ గోడకు కొడతారట. ఆరేళ్లుగా మాధవి రోజూ ఆ గోడ పక్కనుంచే అన్నానికి పోతోంది. పక్క సీటాయనకు నాలుగు పలకలున్నాయి. దీనికి ఒక్కటీ లేదు. "అటు చూసుకుంట పోయి తింటే ముద్ద దిగదమ్మా" అంది ఒకరోజు. మార్కులు తక్కువొచ్చిన రోజు ప్రోగ్రెస్ కార్డు వీపు వెనక దాచిన పిల్ల ముఖమే మళ్లీ కనిపించింది నాకు. దరఖాస్తు వేయడానికి పై శుక్రవారం ఆఖరు. అదీ పరిస్థితి.

ఆ మధ్యలో వాళ్ల లాయరు ఒక సలహా ఇచ్చాడు. ఇంజనీరు కానివాళ్లకు ఒకసారి చెప్పి చూడండి, మీకే స్పష్టత వస్తుంది అని. మా ఇంట్లో ఇంజనీరు కానివాళ్లు ఎవరున్నారు? నేనూ, గేదే. గేదె మేతకు పోయింది.

"అమ్మా, కరెంట్ అంటే ఏందంటే..." అని మొదలుపెట్టింది, నాకు! కరెంటు సంగతి దానికి నేర్పిందెవరో మరిచిపోయినట్టుంది. పోనీలే అని విన్నాను. మీరూ వినండి, పెద్ద కష్టమేం కాదు.

చిప్పు గోరంత ఉంటుంది. అందులో కోట్ల గదులున్నాయనుకోండి. ప్రతి గదికీ కరెంటు పోవాలి. పోయే దారేమో వెంట్రుకకన్నా సన్నం. అది అరిగి తెగిందా, ఆ గది చీకటి. అందుకని గదికి రెండో దారి కూడా పెడతారు. ఒకటి పోయినా ఇంకోటి ఉంటుంది.

"ఇందుల కొత్తేముందే? మన ఇంట్ల ఇన్వర్టర్ లేదా?" అన్నాను.

"అవ్, గదే! పేటెంట్ ఆఫీసోళ్లు గూడ ఫస్ట్ గదే అంటరు."

ఇక్కడ జాగ్రత్తగా వినండి. పేటెంటు కావాలంటే వస్తువు పనికొచ్చేదిగా ఉంటే చాలదు. అంతకుముందు ఎవరూ లోకానికి చెప్పనిదై ఉండాలి. ఆ పని తెలిసినవాడు చూసి "ఓస్, ఇది నాకూ తట్టేదే" అనేట్టు కూడా ఉండకూడదు. రెండు దారులు పెట్టడం అందరికీ తెలిసిందే, దానికెవరూ పేటెంటు ఇవ్వరు. మాధవి కనిపెట్టింది వేరు. దాని రెండో దారి మామూలప్పుడు నిద్రపోతుంది. మొదటి దారి తెగకముందే, కాస్త నీరసపడగానే, పక్కనే కాపలా ఉన్న చిన్న సర్క్యూటు పసిగట్టి రెండోదాన్ని లేపుతుంది. అదీ ఒక్కసారిగా కాదు, కొంచెం కొంచెంగా తెరుస్తుంది. ఒక్కసారి తెరిస్తే పక్క గదులు అదిరిపోతాయట. ఆ లేపే తీరులోనే ఉంది దాని తెలివంతా.

నిజం చెప్పొద్దూ, నా కడుపు నిండిపోయింది. అదేమో కడుపు నింపి ఊరుకోక, "అమ్మా, దరఖాస్తు పడేదాంక బయటోళ్లకు చెప్పకు" అంది.

"నాకేం పని చెప్పుకోను?"

అసలు తప్పు ఇక్కడ జరిగింది. బయటివాళ్లంటే ఎవరు? నా లెక్కలో టై కట్టుకున్నవాళ్లు, వేరే కంపెనీల వాళ్లు, నల్లద్దాల కార్లలో తిరిగేవాళ్లు. అటువంటివాళ్లు మా పినపాక వైపు వచ్చినట్టు నేను చూడలేదు. బడి బయటెట్లా అవుతుంది? ఇంట్లోకన్నా నేను బడిలో ఉన్న కాలమే ఎక్కువ!

గడువుకు సరిగ్గా వారం ముందు, శుక్రవారం సాయంత్రం ఫోను. హెడ్మాస్టర్ సమ్మయ్య. ఒకప్పుడు ఏడో తరగతిలో నా చేత గోడకుర్చీ వేయించుకున్న సమ్మయ్యే. "మేడం, రేపు పోరగాళ్లు బ్యాగుల్లేకుంట వస్తరు. జర ఏదన్న సైన్సు ముచ్చట చెప్పరాదుండ్రి" అన్నాడు. రిటైరైన టీచరును క్లాసుకు రమ్మనడమంటే ఏమిటో మీకు తెలియదు. ఇస్త్రీ చీర కట్టుకుని తొమ్మిదింటికే గేటు దగ్గరున్నాను. అటెండరు అప్పటికింకా తాళం తీయలేదు.

నలభై మంది ఏడో తరగతి పిల్లలు, నాకిచ్చింది పన్నెండు నిమిషాలు. సగం మంది అడవి గూడేల నుంచి నడిచొచ్చేవాళ్లు. చిప్పు అంటే వాళ్లకేం తెలుస్తుంది? తెలిసినదాని నుంచి తెలియనిదానికి పోవాలి, టీచరు ట్రైనింగులో మాకు నేర్పిందదే. "మీ ఊరి రోడ్డు మీద వాగొస్తే బడికి ఎట్లొస్తరు?" అని అడిగాను.

అడగకూడని ప్రశ్న. నలభై చేతులు లేచాయి! ఒకడి మామ బండి కొట్టుకుపోయిందట. ఒకడి మేక ఈదుకుంటూ అవతలికి పోయి, రెండు రోజులకు నడుచుకుంటూ తిరిగొచ్చిందట. భూమిక అని ఒక పిల్ల, అడ్డదారిలో ఎలుగుబంటి ఎదురైన సంగతి యాక్షన్‌తో సహా చేసి చూపించింది. అందరి సంగతులూ ఓపికగా విన్నాను. పిల్లల్ని మాట్లాడనివ్వాలని కదా మన నమ్మకం. తీరా చూసుకుంటే బెల్లు కొట్టడానికి నిమిషమున్నర ఉంది. గబగబా బోర్డు మీద గది గీశాను. ప్లస్సు నుంచి గదిలోకి ఒక దారి, గది నుంచి మైనస్సుకు. పక్కనుంచి రెండో దారి. "మా మాధవి కనిపెట్టింది గిట్లనే ఉంటది!" అన్నాను. బెల్లు. చప్పట్లు. ఇంటికొచ్చి రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

ఆ పన్నెండు నిమిషాలూ సమ్మయ్య ఫోనులో పట్టాడని నాకేం తెలుసు? పట్టినవాడు ఊరుకున్నాడా? బడి యూట్యూబులో పెట్టాడు. దానికొక పేరు కూడా పెట్టాడు: "మన మండలం ఆడబిడ్డ కనిపెట్టిన చిప్ రహస్యం. తప్పక చూడండి!" పక్కన మూడు మంట గుర్తులు. రహస్యాన్ని అంత బాగా దాచిపెట్టే మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ఆదివారం మధ్యాహ్నం మాధవి అన్నం తింటోంది. భద్రాచలం నుంచి దాని స్నేహితురాలి ఫోను. "కంగ్రాట్సే మాధవీ! నీ పేటెంట్ మా గ్రూపుల తిరుగుతాంది" అంది. మీ చిన్నమ్మ చెయ్యి పప్పులోనే ఆగిపోయింది. వీడియో తెరిచింది. నా చీర అంచు, నా సుద్దముక్క, నా చిరునవ్వు.

"అమ్మా, బయటోళ్లకు చెప్పద్దంటి గదా?"

"బయటోళ్లకేడ చెప్పిన? బడి పిల్లలకు చెప్పిన."

"బడి పిల్లలు నీ కడుపుల పుట్టిండ్రా!"

అరిచి ఉంటే బాగుండేది. అరవలేదు. కంచం ముందు నుంచి లేచిపోయింది. అప్పుడు నిజంగా భయమేసింది నాకు.

నేను సమ్మయ్యకు ఫోను చేసి తీసెయ్యమన్నాను. "ఎందుకు మేడం? మస్తు పోతాంది! మండలం టీచర్ల గ్రూపుల గూడ ఏసిన" అన్నాడు సంతోషంగా. ఆ గోడకుర్చీ ఇంకో పది నిమిషాలు వేయించాల్సింది.

సోమవారం పొద్దున వీడియో కాల్‌లో లాయరు కూర్చున్నాడు. చిన్నవాడే, చాలా మర్యాదస్థుడు. ఆ మర్యాదే ఎక్కువ బాధపెట్టింది. "అమ్మగారూ, దరఖాస్తుకు ముందే విషయం బయటపడితే అది కొత్తది కాకుండా పోతుంది. కొన్ని దేశాల్లో కొంత గడువిస్తారు, చాలా చోట్ల ఇవ్వరు. కంపెనీ అన్ని చోట్లా వేయాలనుకుంటోంది. వీడియోలో అసలు సంగతి ఉంటే దరఖాస్తు ఆపేస్తారు" అన్నాడు. తర్వాత, "ఆ పిల్లలు దీన్ని గోప్యంగా ఉంచుతామని ఏమైనా ఒప్పుకున్నారా?" అని అడిగాడు.

ఏడో తరగతి పిల్లలు, నలభై మంది! ఎవడు ఎవడి పెన్సిల్ తీశాడో కూడా గోప్యంగా ఉంచలేరు వాళ్లు. లేదన్నాను.

"అయితే మొత్తం చూద్దాం" అన్నాడు.

చూశాడు. పన్నెండు నిమిషాలూ, మధ్య మధ్య ఆపి, రాసుకుంటూ. నా సర్వీసులో నా పాఠాన్ని అంత శ్రద్ధగా విన్నవాళ్లు లేరు. బండి కొట్టుకుపోయింది, మేక వచ్చింది, ఎలుగుబంటి వచ్చింది. మాధవి గోళ్లు కొరుకుతోంది. చివర బొమ్మ వచ్చింది. లాయరు ఆపాడు. ముక్కు స్క్రీనుకు ఆనించాడు.

"అమ్మగారూ, ఏమీ అనుకోకండి. ఈ రెండో దారి గదిలోకి పోవడం లేదే?"

"పక్కనుంచి పోతుంది."

"పక్కనుంచి ఎక్కడికి?"

చూశాను. బొమ్మ అందంగా రావాలన్న తొందరలో, ప్లస్సు నుంచి గది చుట్టూ తిప్పి తిన్నగా తీసుకెళ్లి మైనస్సులో కలిపాను. పిల్లలూ, దాన్ని ఏమంటారు?

"షార్ట్ సర్క్యూట్!"

అవ్. ఇన్నేళ్లు ఆ తప్పు చేసిన పిల్లల నోటుబుక్కుల మీద ఎర్ర ఇంకుతో ఇంటూలు పెట్టిన నేనే! "దీని ప్రకారం చిప్పు చేస్తే స్విచ్ వేయగానే కాలిపోతుంది" అన్నాడు లాయరు. ఆయన గొంతులో అంత ఆనందం ఎందుకో నాకు వెంటనే అర్థం కాలేదు. "ఇందులో ఉన్నదల్లా రెండో దారి ఉంటే మంచిదన్న మాటే. అది లోకానికి ఎప్పుడో తెలుసు. నిద్ర లేపడం గురించి ఒక్క ముక్కా లేదు."

అప్పుడైనా నోరు మూసుకోవాలా? టీచరు రోషం! "బొమ్మ తప్పు పోవచ్చు. నేను చెప్పేది మాత్రం పిల్లలకు స్పష్టంగ అర్థమైతది. గావాల్నంటే ఆల్లనే అడుగుండ్రి" అన్నాను.

"అమ్మా!" అని మాధవి నా మోచేయి గిల్లింది. అప్పటికే లాయరు, "మంచి మాట, కెమెరాలో లేనిదేమైనా చెప్పారేమో తెలుస్తుంది" అన్నాడు.

సమ్మయ్యకు ఫోను కలిపి స్పీకర్లో పెట్టాం. ఆ ఎలుగుబంటి పిల్ల భూమికను పిలిచాడు. అప్పుడు తట్టింది నాకు. పిల్ల సరిగ్గా చెబితే నా బిడ్డ పలక పోతుంది. తప్పు చెబితే నా పరువు పోతుంది. నా జీవితంలో మొదటిసారి, పిల్లకు జవాబు రాకూడదని భద్రాద్రి రాముడికి మొక్కుకున్నాను.

"పాపా, టీచర్‌గారు చిప్పు గురించి ఏం చెప్పారమ్మా?" అని అడిగాడు లాయరు.

"వాగొస్తే అడ్డదారిల పోవాలె సార్. గుడ్డెలుగు ఉంటది, చప్పుడు జేసుకుంట పోవాలె."

"మరి చిప్పు?"

"అది టీచరమ్మ బిడ్డ దగ్గరుంటది సార్."

మాధవి టేబుల్ మీద తల పెట్టుకుని నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. రెండూ అనుకుంటాను. లాయరు పొల్లుపోకుండా రాసుకున్నాడు.

శుక్రవారం దరఖాస్తు పడింది. పేటెంటు వచ్చిందా అని అడగకండి, దానికి ఏళ్లు పడుతుంది. పలక సంగతి అప్పుడు చూద్దాం. కంపెనీ ఫైలు కోసం లాయరు రాసిన కాగితాన్ని మాత్రం మీ చిన్నమ్మ నాకు గట్టిగా చదివి వినిపించింది, రెండుసార్లు: "సదరు ఉపన్యాసం పూర్తిగా విన్న పిమ్మట కూడా, ఈ రంగంలో నిపుణులతో సహా ఎవరికీ సదరు విషయం ఏ మాత్రమూ బోధపడే అవకాశం లేదు." ఇన్నేళ్ల సర్వీసులో ఎంతమంది ఇన్‌స్పెక్టర్లొచ్చి పోయారు! ఇంత నిక్కచ్చిగా ఒక్కరూ రాయలేదు.

బస్సెక్కుతూ మీ చిన్నమ్మ ఏమందో తెలుసా? "ఇగ నేనేది కనిపెట్టినా ఊరంత నువ్వే చెప్పమ్మా. నువ్వు చెప్పినంక ఎవ్వలకు సమజ్ గాదు" అంది.

ఎందుకా నవ్వు? చాలు లేవండి. చింతపండు గింజ తీసేది ఇంకా సగం చాటలోనే ఉంది. నేను పోతున్నా.