కార్తీకంలో నేనడిగిన వాన

ఒక్క ప్రార్థనతో ఒక ఊరి పంటనంతా నీళ్ళపాలు చెయ్యబోయిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే చూడండి, అది నేనే. ఇప్పుడు నన్ను చూస్తే ఎవరూ నమ్మరు. మోకాళ్ళ నొప్పులు, కళ్ళజోడు, మనవళ్ళ వెక్కిరింతలు, వీటి మధ్య బుద్ధిమంతురాలిగానే కనిపిస్తాను. కానీ ఇరవై రెండేళ్ళ వయసులో నేను చాలా ప్రమాదకరమైన పిల్లను. చేతిలో కత్తీ కటారీ ఏమీ ఉండేవి కావు. గొంతు మాత్రం ఉండేది.

మా నాయన గుంతకల్లు రైల్వేలో పని చేసేవారు. నేను పుట్టిందీ పెరిగిందీ రైల్వే క్వార్టర్సులోనే. చెనక్కాయ, అదే పల్లీ, అంటే నాకు తెలిసింది ఒక్కటే, ప్లాట్‌ఫారం మీద కాగితం పొట్లంలో వేడివేడిగా అమ్మేది. అది చెట్టుకు కాస్తుందో, తీగకు కాస్తుందో, బండిలోనే పుడుతుందో నేనెన్నడూ ఆలోచించలేదు. తినేవాళ్ళకు ఆ విచారణ ఎందుకు చెప్పండి?

చదువయ్యాక మిషను వాళ్ళ బైబిలు బడిలో చేరాను. అక్కడ మోకాళ్ళూనడం ఎలాగో, పల్లెల్లో పాట ఎత్తుకోవడం ఎలాగో, కుక్క వెంటబడితే ఏం చెయ్యాలో అన్నీ నేర్పారు. ప్రార్థన మొదలుపెట్టే ముందు ఒకసారి చుట్టూ చూడమని మాత్రం ఎవరూ నేర్పలేదు. ఈ కథంతా ఆ ఒక్క లోటు వల్ల వచ్చిందే.

స్వాతంత్ర్యం వచ్చి పదేళ్ళు దాటిన రోజులు. ముదిగుబ్బ దగ్గర ఒక పల్లెకు నన్ను పంపించారు. ఊరి పేరు చెప్పను. ఆ ఊళ్ళో నన్ను మరిచిపోయినవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళను అలాగే ఉండనివ్వడం మంచిది. పొద్దున పిల్లలకు చదువు చెప్పాలి, సాయంత్రం ఇంటింటికీ వెళ్ళి మంచి మాట చెప్పాలి, అదీ నా పని. ట్రంకు పెట్టెను బస్సు మీద గొర్రెల మధ్య కట్టించి, ఒళ్ళో గొడుగు పెట్టుకుని, లోకాన్ని ఉద్ధరించడానికి బయలుదేరాను.

కిటికీలోంచి చూద్దును కదా, ఎర్రమట్టి, రాళ్ళు, ముళ్ళకంప, మళ్ళీ రాళ్ళు. చెరువు నెర్రెలు విచ్చి ఉంది. దాని కంటే ఘోరం, ఊరు దగ్గరపడేకొద్దీ చేలల్లో చెట్లన్నీ వేళ్ళతో సహా పెరికి, బోర్లా పడేసి ఉన్నాయి. ఆకు వాడిపోయి, కాడ ఎండిపోయి, కంటికి అందినంత మేరా అదే. నా గుండె తరుక్కుపోయింది.

బస్సు ఆగే చోట మస్తాన్ సాబు గారి టీ అంగడి. ఆయనే ఆ ఊళ్ళో నాతో మొదట మాట్లాడిన మనిషి.

"అన్నా, చేలల్లో ఆ చెట్లన్నీ అట్లా పడి ఉన్నాయేమిటి?" అని అడిగాను.

"పెరికేసినారమ్మా," అన్నాడాయన గ్లాసులు కడుగుతూ. "ఇంక మన చేతుల్లో ఏముండాది. అంతా పైవాని దయ."

చూశారా, ఎంత నిరాశ అనుకున్నాను. వానల్లేక చెట్లు చచ్చిపోతే విసిగి వేసారి పెరికి పారేశారు పాపం. ఒక్క ప్రశ్న ఎక్కువ అడిగి ఉంటే నా జీవితం వేరుగా ఉండేది. అడగలేదు. నాకు కన్నీళ్ళు వచ్చేశాయి. కన్నీళ్ళు వచ్చినప్పుడు మనిషికి తెలివి కాస్త తక్కువగానే పనిచేస్తుంది.

నాకు ఇంట్లో చోటిచ్చింది సాలమ్మ. మా సంఘంలోనే పెద్దావిడ, మొగుడు పోయి చాలాకాలమైంది. ఊరి వాగు, వాళ్ళ మాటలో వంక, దాని అవతల చిన్న చేను, ఒక పాడి మేక, అవే ఆవిడ ఆస్తి. ఆ సాయంత్రమే నా ముందు తట్టెడు ఉడకబెట్టిన చెనక్కాయలు పెట్టింది.

"తిను పాపా. కొత్త కాయలు."

ఇంత కరువులో నా కోసం ఎక్కడినుంచి కొని తెచ్చిందో అని మళ్ళీ కన్నీళ్ళు. ఏడుస్తూనే తట్ట ఖాళీ చేశాను.

మొదటి ఆదివారం ప్రార్థనా మందిరానికి సగం మంది కూడా రాలేదు. ఏమయ్యారంటే చేలకు పోయారన్నారు. మధ్యాహ్నం వాళ్ళందర్నీ పిలిపించి, విశ్రాంతి దినం గురించి ఉపన్యాసం దంచాను. చచ్చిన చెట్లు పీకడానికి ఆదివారమే కావలసి వచ్చిందా, దేవుడికి ఒక్క పూట ఇవ్వలేరా అని నిలదీశాను. పెద్దవాళ్ళు సైతం తలలు వంచుకున్నారు. ఇంక ఆదివారం చేనికి పోబోమని మాట ఇచ్చారు. నేను గర్వంతో ఆ రాత్రి బాగా నిద్రపోయాను.

ఇక అసలు ఘనకార్యానికి వద్దాం.

తరువాతి శనివారం పొద్దుగూకే వేళ మందిరం ముందు బయలులో కూటం పెట్టాను. మా వాళ్ళే కాక ఊరివాళ్ళు కూడా వచ్చారు. కొత్త పంతులమ్మ ఎలా ఉంటుందో చూడాలని అందరికీ ఉంటుంది కదా. ఊరి పెద్దరైతు ఓబిరెడ్డి గారు కూడా తువ్వాలు పరచుకుని అరుగు మీద కూర్చున్నారు. అంతమందిని చూసేసరికి నాకు పూనకం లాంటిది వచ్చింది. కళ్ళు గట్టిగా మూసుకున్నాను.

"ప్రభువా, ఎండిన ఈ నేలను చూడు. చచ్చిన ఈ చెట్లను చూడు. ఆకాశపు తూములు తెరువు. చిన్నా చితకా జల్లులు మాకొద్దు ప్రభువా. వంకలు పొంగాలి. చేలల్లో మోకాలి లోతు నీళ్ళు నిలవాలి. ఆలస్యం చెయ్యొద్దు ప్రభువా, రేపే పంపించు."

పక్కన సాలమ్మ నా కొంగు పట్టి లాగింది. ఆవిడ మనసు కరిగిందనుకున్నాను. జనంలో దగ్గులు వినిపించాయి. అందరూ ఏడుపు ఆపుకుంటున్నారనుకున్నాను. సాలమ్మ ఈసారి గిల్లింది. ఆ నొప్పితో నా గొంతు ఇంకో మెట్టు పైకి లేచింది. "రాత్రికే పంపించు ప్రభువా" అన్నాను.

కళ్ళు తెరిచేసరికి పిల్లలు తప్ప ఎవరూ కదలడం లేదు. ఓబిరెడ్డి గారు మెల్లగా తువ్వాలు దులుపుకున్నారు.

"ఏమ్మా సాలమ్మా, ఈయమ్మ మన తట్టు అడుగుతాండాదా, మనకు ఎదురు అడుగుతాండాదా?"

"కొత్తగా వచ్చింది రెడ్డీ. తెలీక అడిగింది."

"అడిగింది మాత్రం గట్టిగానే అడిగింది," అని ఆయన వెళ్ళిపోయారు.

ఇంటికి వచ్చాక సాలమ్మ దీపం వెలిగించి నా ఎదురుగా కూర్చుంది.

"పాపా, ఆ చెట్లు చావలేదు. మేమే పెరికినాం."

"ఎందుకు?"

"కాయలుండాయి గదా."

"ఎక్కడ? నేను చూశాను, కొమ్మలకు ఒక్కటీ లేదు."

"కొమ్మలకు యాడుంటాయి? యేర్లకు ఉంటాయి, మన్నులో. పెరికి ఎండేస్తాం. ఎండినంక వామి ఏసి, నిదానంగా కాయ ఒలుచుకుంటాం." ఇక్కడిదాకా నవ్వుతూనే చెప్పింది. తరువాత నవ్వలేదు. "రెండేండ్లు ఏమీ పండల్యా పాపా. ఈ ఏడు పండింది. ఇప్పుడు తడిసినాదంటే నల్లగయితాది, మొలకొస్తాది. తినేకీ ఉండదు, మళ్ళా విత్తేకీ ఉండదు. నాకుండేది ఆ చేనొకటే గదా."

వచ్చే ఏడాదికి విత్తనంగా ఉండాల్సిన కాయల్ని, నాకు ఉడకబెట్టి పెట్టిన కాయల్ని, వానలో నానబెట్టమని నేను పబ్లిగ్గా దేవుణ్ణి అడిగి వచ్చాను. అప్పటికప్పుడే మోకరించాను. "ప్రభువా, ఇందాకటి మనవి..." అని మొదలుపెట్టి ఆగిపోయాను. అడిగినదాన్ని వద్దనే పద్ధతి మా బడిలో చెప్పలేదు. సాలమ్మకు ముఖం చూపించలేక గోడ వైపు తిరిగి పడుకున్నాను.

తెల్లవారి లేచి చూస్తే తూర్పున మబ్బు. మామూలు మబ్బు కాదు, ఎనుముల మంద లేచి వస్తున్నట్టుంది. నేనింకా ముఖం కడుక్కోకముందే ఓబిరెడ్డి గారూ, మస్తాన్ సాబు గారూ వాకిట్లో ఉన్నారు.

"అమ్మయ్యా, ఆ మబ్బు నీదేనా?" అన్నారు ఓబిరెడ్డి గారు.

"నాది కాదండీ... అంటే, తెలియదండీ."

"నువ్వే గదా రాత్రికే పంపమంటివి. దావలో కొంచెం ఆలస్యమయినట్లుండాది."

"రెడ్డిగారూ, నాకు చెనక్కాయ సంగతి తెలియదు."

"నీకు తెలీదు సరే. అడిగించుకునేటాయనకు తెలుసు గదా. ఆయన్నయినా ఆలోచన చెయ్యమను."

మస్తాన్ సాబు గారు కాస్త మెత్తని మనిషి. "భయపడొద్దమ్మా. బస్సు ఎక్కినంక కూడా దిగాలంటే దిగుతారు గదా. వాపసు తీసుకో."

"వాపసు తీసుకుంటే వినపడుతుందో లేదో అన్నా."

"నిన్న అరిసినట్ల అరువు. తప్పకుండా వినపడతాది."

ఇంతలో మందిరం గంట కొట్టారు. ఆదివారం. పరుగెత్తుకుంటూ వెళ్ళి చూద్దును కదా, సంఘమంతా వచ్చేసింది. ఒక్కరు తక్కువ లేరు. స్నానాలు చేసి, తలకు నూనె రాసుకుని, చేతులు కట్టుకుని వరుసగా కూర్చున్నారు. ముఖాలు నా వైపు, కళ్ళు కిటికీ వైపు. ఆ కిటికీలోంచి మబ్బు కనిపిస్తోంది, మబ్బు కింద వాళ్ళ చేలు కనిపిస్తున్నాయి. సాలమ్మ ముందు వరుసలో కూర్చుని కొంగు చివర మెలితిప్పుతోంది. ఎవరూ లేవరు. నేనే కదా క్రితం ఆదివారం లేవకూడదని మాట తీసుకున్నది.

అయ్యా, దేవుడు నాతో ఎంత చమత్కారం ఆడాడో చూడండి. ఒక నోటితో వాన పిలిచాను, అదే నోటితో పంటను కాపాడుకునేవాళ్ళ కాళ్ళు కట్టేశాను. ఇంత పూర్తిగా ఊరిని ముంచడం పగవాడికి కూడా చేతకాదు.

పాట చెప్పడానికి లేచాను. చల్లగాలి ఒకటి కిటికీలోంచి వచ్చి నా ముఖానికి తగిలింది. ఆ గాలిలో తడిమట్టి వాసన ఉంది. నా పై అధికారులు ఏమంటారో, ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో, ఒక్క క్షణం అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. మళ్ళీ సాలమ్మ కొంగు చూశాను.

"ఈ రోజు ఆరాధన చేలో," అన్నాను. "అందరూ లేవండి."

ఎవరూ లేవలేదు. "ఆదివారం గదా టీచరమ్మా," అన్నాడు వెనకనుంచి ఒక పెద్దాయన, భయంగా.

"తప్పంటూ ఉంటే అది నాది తాతా. ముందు సాలమ్మక్క చేను. అందరికంటే దూరం అదే. లేవండి."

మందిరం ఒక్క నిమిషంలో ఖాళీ అయింది. ఆరాధన అయిపోయాక కూడా అంత సంతోషంగా జనం బయటికి పోవడం నేను మళ్ళీ ఎన్నడూ చూడలేదు.

వంక దాటి పరుగు. ఓబిరెడ్డి గారు తమ చేలల్లో పని నడుస్తుండగానే రెండు బండ్లు ఇటు తోలించారు. మస్తాన్ సాబు గారు అంగడి మూసి వచ్చారు. ఎండిన చెనక్కాయ చెట్లను, వాళ్ళు కట్టె అంటారు, చంకలకెత్తి మోస్తున్నారు, పోగు పెడుతున్నారు, వామి లేస్తోంది. నేను మాత్రం ఊరుకుంటానా? తప్పు చేసినదాన్ని, అందరికంటే ఎక్కువ కష్టపడాలని ఒక పక్కంతా నేనే పేర్చాను. చేతులు గీరుకుపోయాయి, చీర చిరిగింది. పేర్చి, వెనక్కి నిలబడి, చూసి మురిసిపోయాను. కాయలన్నీ బయటికి ముత్యాల్లా కనిపించేలా ఎంత అందంగా పేర్చానో.

సాలమ్మ వచ్చి చూసింది. నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"పాపా, నీకు ఈ కాయ మింద ఏమన్నా పగ ఉండాదా?"

"ఏమైంది అక్కా?"

"కాయ లోపలికి పెట్టల్ల, కట్టె బయటికి. వాన కట్టె మింద పడి జారిపోతాది. నువ్వు కాయలు బయట పెట్టి వానకు దండేసి పిలుస్తాండావు."

ఓబిరెడ్డి గారు బండి మీదనుంచి విని నవ్వడం మొదలుపెట్టారు. ఆయన నవ్వితే అందరూ నవ్వారు. నవ్వుతూనే నేను పేర్చినదంతా పీకి మళ్ళీ పేర్చారు. సాలమ్మ కూడా నవ్వింది. నిన్నటినుంచి ఆ నవ్వు కోసమే ఎదురు చూస్తున్నానేమో, నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

అది కాగానే సగం మంది తమ చేలకు పరుగెత్తారు. మిగిలినవాళ్ళం పైన బోదగడ్డి కప్పి, తాళ్ళు కట్టి, రాళ్ళు వేలాడదీసి, ఇక చాలు అనుకునేసరికి మొదటి చినుకు నా ముక్కు మీదే పడింది. నన్ను వెతుక్కుంటూ వచ్చినట్టే పడింది. ఆపైన ఇంక చెప్పక్కర్లేదు. నేనడిగినవన్నీ ఒక్కటీ మరిచిపోకుండా ఇచ్చాడు. వంక పొంగింది. చేలల్లో నీళ్ళు నిలిచాయి. మేమందరం వామి పక్కన నిలబడి ముద్దగా తడిశాం. కాయ మాత్రం తడవలేదు. సాలమ్మ వామిలో చెయ్యి దూర్చి చూసుకుని, పొడిగా ఉన్న ఒక కాయ తీసి నా నోట్లో పెట్టింది.

ఊళ్ళో అందరి పంటా మొత్తం దక్కిందని అనను. అక్కడక్కడా కొంత నల్లబడింది. కానీ చెరువుకు నీళ్ళొచ్చాయి, బావులు ఊరాయి. ఖాళీ అయిన చేలల్లో ఆ తడికే ఉలవలు చల్లారు. సంక్రాంతి దాటేసరికి ఎర్రమట్టి మీద పచ్చదనం పరుచుకుంది. నాకు ఆ పల్లెలో ప్రతి ఇంట్లోనూ చాప వేశారు. నేను చెప్పే మాటలకంటే నేను చేసిన పనిని తలుచుకుని నవ్వుకోవడానికే పిలిచేవారేమో, అయినా పిలిచేవారు.

ఒకరోజు ఓబిరెడ్డి గారే స్వయంగా వచ్చారు. తువ్వాల్లో మూటగట్టిన ఉలవలు అరుగు మీద పెట్టి, చాలా మర్యాదగా కూర్చున్నారు.

"అమ్మయ్యా, నీ ప్రార్థన పని చేస్తాది. దాంట్లో మాకెవరికీ అనుమానం ల్యా. ఒకటే మనవి."

"చెప్పండి రెడ్డిగారూ."

"ఈసారి ఏమన్నా అడగాలంటే, దేవునికి చెప్పే ముందర మాకు చెప్పు."

ఆనాడు ఆయన ముందు చేసిన ప్రమాణాన్ని ఈనాడు మీ అందరి ముందు మళ్ళీ చేస్తున్నాను. పూర్ణ స్పృహతో, ఎవరి బలవంతమూ లేకుండా చెబుతున్నాను. నా కంఠంలో ఊపిరి ఉన్నంతవరకు, ముందుగా లేచి, చెప్పులు వేసుకుని, ఊరంతా తిరిగి, ఎవరి చేలో ఏముందో, ఎవరి మిద్దె మీద ఏం ఎండుతోందో చూసి రాకుండా, వాన అన్న మాటను దేవుడి దగ్గర ఎత్తను. నిన్న మా పాస్టరుగారు వాన కోసం కళ్ళు మూసుకోగానే నేను లేచి బయటికి వెళ్ళింది అందుకే. ఆయన నొచ్చుకున్నారట. మా కోడలు పెరట్లో వడియాలు ఎండబెట్టిందని ఆయనకేం తెలుసు?