గిది కొండగాలి

పద్దెనిమిదేళ్లు ఒకే వాక్యం చెప్పిన మనిషిని ఇంటికి పంపడానికి ఎన్ని మాటలు కావాలి? మనోజ విషయంలో ఒక్కటి సరిపోయింది. నేటివిటీ. "మీ వాయిస్‌లో నేటివిటీ లేదు మేడమ్, టెక్స్ట్‌బుక్ చదువుతున్నట్టుంది" అన్నారు. సిద్దిపేటలో పుట్టి, మోతీనగర్‌లో పెరిగి, ఇప్పటికీ అక్కడే ఉంటున్న యాభయ్యేళ్ల మనిషికి జూబ్లీ హిల్స్ ఏసీ గదిలో కూర్చున్న రేడియోవాళ్లు కనిపెట్టి చెప్పిన సంగతి అది. ఆమె స్థానంలో రాజమండ్రి అమ్మాయిని పెట్టుకున్నారు. ఆ అమ్మాయి రెండు మాటలకొక 'గట్ల' తగిలిస్తుంది, తగలాల్సిన చోట తప్ప.

మనోజ చెప్పిన ఆ వాక్యం "ఇది కొండగాలి, మీ ఇంటి గాలి." గంటకోసారి, పాటకీ పాటకీ నడుమ. ప్రపంచంలో ప్రతి ప్రసార కేంద్రానికీ ఇలా ఒక పిలుపు ఉంటుంది. ఒకప్పుడు దేశానికిన్ని అక్షరాలని పంచుకున్నారు. మన వాటాకి వీ, యూ వచ్చాయి. ఆ అక్షరాలు సర్కారు కాగితాల్లో భద్రంగా ఉన్నాయి, వాటితో ఏ శ్రోతకీ పనిపడలేదు. వినేవాడికి కావలసింది ఒక్కటే, మాట్లాడుతున్నది తనవాడా కాదా అని. ఈ సంగతి రేడియో చరిత్ర పుస్తకాల్లో ఉండదు, మనోజకి మాత్రం మొదటినుంచీ తెలుసు. ఎందుకంటే ఆమె మొదలైంది రేడియోలో కాదు, తీగ మీద.

తొంభైల్లో ఫిలింనగర్ బస్తీలో అనంతపద్మనాభం అనే ఆయన డాబా మీద డిష్ పెట్టి, స్తంభం నుంచి స్తంభానికి కేబుల్ లాగి, ఇంటింటికీ కనెక్షన్లిచ్చాడు. పైన బంగళాల్లో హీరోలు, కింద బస్తీలో లైట్‌మేన్లు, మేకప్‌వాళ్లు, జూనియర్ ఆర్టిస్టులు. కిందివాళ్ల కోసం ఆయన ఒక సొంత చానెల్ నడిపాడు. మధ్యాహ్నం వీసీఆర్‌లో సినిమా, దానికి ముందు బస్తీ కబుర్లు. అట్టముక్క మీద పెయింటుతో రాసిన చానెల్ పేరుని కెమెరా ముందు నిలబెట్టేవారు. ఫ్యాను గాలికి అది పడిపోతే మళ్లీ నిలబెట్టేదాకా జనం ఖాళీ గోడ చూసేవారు. ఆ అట్ట వెనక గొంతు మనోజది. "గిది పద్మనాభం కేబుల్. రేపు పొద్దుగాల నల్లా రాదు, బిందెలు నింపి పెట్టుకోండ్రి." ఎవరూ నవ్వలేదు. బిందెలు నింపుకున్నారు. ఎనిమిదేళ్లు అదే పని చేసింది. తర్వాత పెద్ద కంపెనీలొచ్చి చిన్న తీగల్ని మింగేశాయి, అట్టముక్క అటకెక్కింది.

రెండువేల ఆరులో చలపతిరావు అనే ఆయన కొండగాలి ఎఫ్‌ఎం పెట్టాడు. కోస్తా నుంచి వచ్చి సినిమాలు తీసి, సినిమాలు ఆడక, రేడియోకి మళ్లినవాడు. గొంతు బాగుందని మనోజని తీసుకున్నాడు. ప్రసారం మొదలయ్యే రోజు పొద్దున ఆరింటికి ట్రయల్. స్టూడియోలో పదకొండుమంది. ఎర్రలైటు వెలిగింది, మనోజ మైకు దగ్గరికి వంగి, ఎనిమిదేళ్ల అలవాటు ప్రకారం, "గిది కొండగాలి" అంది.

తలుపు తోసుకుని చలపతిరావు లోపలికి వచ్చాడు. మైకు తెరిచే ఉంది, రికార్డింగు నడుస్తూనే ఉంది.

"ఏంటమ్మా ఆ పనిమనిషి భాష? అదేదో ఇంటి దగ్గర మాట్లాడుకో. ఇక్కడ తెలుగు మాట్లాడు."

ఎవరో కిసుక్కున నవ్వారు. అదీ రికార్డయింది. ఆ పూట మైకు ముందు ఇంకొకరు కూర్చున్నారు. మనోజని ఏడు నెలలు పక్కగదిలో పాటల జాబితాలు రాసుకోమన్నారు. ఆమె మానేసి పోవచ్చు కదా అని ఈ రోజు ఎవరైనా అడగొచ్చు, అడగడం తేలిక. మనోజకి రేడియో కావాలి. రోజూ ఎర్రగడ్డలో బస్సు దిగి, మోతీనగర్ దాకా నడుస్తూ పేపర్లో హెడ్డింగులు పైకి చదువుకునేది. వచ్చాడు, వెళ్లాడు, ఏమిటి, ఎక్కడ. ఏడు నెలలకి చలపతిరావు విని, ఇప్పుడు బాగుంది అన్నాడు. మైకు వెనక్కి వచ్చింది.

పోయింది వేరే. చిన్నమ్మ పోయినప్పుడు సిద్దిపేటలో నలుగురి మధ్య కూర్చుని, చిన్నమ్మ తనకి జడలు వేసిన కబురు చెబుతుంటే అన్న మధ్యలో ఆపి, "ఏందే, గీడ గూడ వార్తలు చదువుతున్నవా?" అన్నాడు. అందరూ నవ్వారు. అన్న వేళాకోళానికే అన్నాడు, మనోజ మాత్రం ఆ తర్వాత అక్కడ నోరు విప్పలేదు. మళ్లీ పాత మాట తెచ్చుకుందామని ప్రయత్నించింది. వచ్చిండు అని తనలో తాను అనుకుంటే చాలు, తనకే వేషం వేసినట్టనిపించేది. చలపతిరావు ఒక్క నిమిషంలో తీసుకున్నది ఆమె ఇరవయ్యేళ్లయినా తిరిగి తెచ్చుకోలేకపోయింది.

నేటివిటీ లేదని తీసేసిన రెండేళ్లకి, అంటే ఈ మధ్యే, కొండగాలి నుంచి కారు వస్తే మనోజ ఎక్కింది. ఎందుకు పిలుస్తున్నారో తెలుసుకోవాలని ఎక్కింది.

మైత్రేయి అనే కుర్ర ప్రొడ్యూసర్ ఎదురొచ్చి కాఫీ ఇచ్చింది. ఇరవయ్యేళ్ల వార్షికోత్సవానికి ఒక ఫిల్మ్ తీస్తున్నారట. పాత సీడీలు తవ్వుతుంటే 'ట్రయల్ ఒకటి' అని రాసి ఉన్నది దొరికిందట. మైత్రేయి కళ్లు మెరుస్తున్నాయి. కంప్యూటర్లో వినిపించింది. "గిది కొండగాలి." ముప్పై రెండేళ్ల గొంతు, భయం లేని గొంతు. అంతే, అక్కడ మైత్రేయి ఆపేసింది.

"మేడమ్, ఇది గోల్డ్. స్క్రిప్ట్ చూడండి."

స్క్రిప్టులో ఇలా ఉంది: తొలి క్షణం నుంచే తెలంగాణ యాసకు పట్టం కట్టిన కేంద్రం మనది. కింద ఆ గొంతు వాడుకోవడానికి ఒక అంగీకార పత్రం, సంతకానికి గీత.

మనోజకి అన్నింటికన్నా ముందు 'యాస' అనే మాట కనిపించింది. వాళ్లది భాష, నాది యాస. రెండు దశాబ్దాల కింద పనిమనిషి భాష, ఇప్పుడు పట్టం కట్టిన యాస. సంవత్సరానికోసారి శాలువా కప్పి, మైకులో అమ్మభాష అని గద్గదంగా పలికి, మర్నాడు ఆఫీసులో ఇంగ్లీషు మెయిళ్లు రాసుకునే జనం ఎంతమందిని చూసిందో. వాళ్ల మీద ఆమెకి ఎప్పుడూ కోపం రాలేదు, విసుగే. ఇప్పుడు వచ్చింది కోపం.

"తర్వాతది వినిపించు" అంది.

మైత్రేయి తల దించుకుంది. విన్నదన్నమాట.

అంతలో చలపతిరావు స్వయంగా వచ్చాడు. డెబ్బై ఎనిమిదేళ్లు, చేతికర్ర, పలకరింపులో మాత్రం ఏ లోటూ లేదు. "అమ్మా మనోజా, ఎలా ఉన్నావమ్మా? నీ గొంతు లేకపోతే కొండగాలే లేదమ్మా." మనోజ మైత్రేయికేసి చూసింది. మైత్రేయి మిగతాది వినిపించింది.

తన గొంతు తానే విని చలపతిరావు నిజంగానే ఆశ్చర్యపోయాడు. "నేనా? నేనన్నానా ఆ మాట?"

మనోజ చాలా సమాధానాలు సిద్ధం చేసుకుని ఉంది. ఆయన దబాయిస్తే ఒకటి, బతిమాలితే ఒకటి. ఆయనకి గుర్తే లేకపోతే ఏం చెప్పాలో అనుకోలేదు. తన నోట్లోంచి ఒక నాలుక తీసుకున్న మనిషికి ఆ పొద్దు గుర్తయినా లేదు.

ఆయన, ఆ రోజుల్లో అందరూ అలాగే అనేవారమ్మా, సినిమాల్లో కూడా ఆ మాట నవ్వులకే వాడేవాళ్లం కదా అని సర్దిచెప్పాడు. తప్పేనమ్మా, క్షమించు అని కూడా అన్నాడు. కళ్లు చెమర్చాయి. సంతకం కోసం కాదు, మనిషి అలాంటివాడే, ఏడుపు తేలిగ్గా వస్తుంది.

"సార్, మీరు పదకొండుమంది ముందు అన్నారు. ఇప్పుడు తలుపేసుకుని క్షమించమంటున్నారు" అంది మనోజ. "మొత్తం వెయ్యండి. నా మాట, మీ మాట, ఆ నవ్వు. అప్పుడు సంతకం పెడతాను."

"అది ఫంక్షనమ్మా. పంచాయతీ కాదు."

పత్రం బల్ల మీదే వదిలేసి వచ్చేసింది. కారు వద్దంది. జూబ్లీ హిల్స్ చెక్‌పోస్టు దాకా నడిచి మెట్రో ఎక్కింది.

పదిరోజులకి ఫిల్మ్ ఫోనుల్లో తిరిగింది. మనోజ పేరు లేదు. మొదటి పిలుపు గురించి ఒక్క వాక్యం ఉంది, రాజమండ్రి అమ్మాయి గొంతులో: "తొలిరోజు రికార్డింగు కాలగర్భంలో కలిసిపోయింది గానీ, గా జ్ఞాపకం మన గుండెల్ల పదిలం."

మనోజ రెండుసార్లు వింది. కాలగర్భమట. ఉన్నదాన్ని పోయిందనడానికి ఎంత పెద్ద మాట దొరికింది వీళ్లకి.

మర్నాడు పదకొండింటికి కొండగాలిలో ఫోన్-ఇన్ కార్యక్రమం. శ్రోతలు ఫోన్ చేసి పాట అడుగుతారు. మనోజకి ఆ నంబరు ఇంటి నంబరులా గుర్తుంది. మైత్రేయి ఎత్తి, ఎవరు, ఏ పాట అని అడిగింది. మనోజ పేరు చెప్పింది.



"లైన్‌లో ఉండండి మేడమ్" అంది మైత్రేయి. "మీ రేడియో సౌండ్ తగ్గించుకోండి."

తర్వాత నాగసాయి అనే కుర్రాడి హుషారు గొంతు. "హలో హలో! గెవరు మాట్లాడేది?"

"నా పేరు మనోజ. మోతీనగర్ నుంచి మాట్లాడుతున్నాను."

"వారెవ్వా, ఎంత చక్కటి తెలుగు మేడమ్! మీది గోదావరి జిల్లానా?"

మనోజ ఫోను చెవికి ఇంకా గట్టిగా నొక్కుకుంది.

"సిద్దిపేట. ఈ తెలుగు నాకు మీ ఓనరు నేర్పాడు బాబూ. ఎలా నేర్పాడో మీ స్టూడియోలోనే రికార్డయి ఉంది. అది కాలగర్భంలో కలవలేదు. ట్రయల్ ఒకటి అని సీడీ మీద రాసి ఉంది, పది రోజుల కిందట నేనే విన్నాను. నాకు పాట వద్దు. అది వినిపించండి."

ఇలాంటప్పుడు ప్రొడ్యూసర్ వెంటనే లైను తీసేసి పాట వేస్తుంది. మనోజే ఎన్నోసార్లు చూసింది ఆ పని. ఆమె ఎదురుచూసింది. పాట రాలేదు. లైను తెగలేదు.

సరే, అనుకుని మనోజ గొంతు సవరించుకుని, తారీఖుతో మొదలుపెట్టి, ఆ పొద్దున స్టూడియోలో ఉన్న పదకొండుమంది పేర్లూ ఒక్కొక్కటిగా చెప్పసాగింది.