ఖాదర్ గారి ఫోకస్ లైటు

కోవిడ్ తగ్గిన మరుసటి ఏడాది. విజయవాడలో పిల్లల సర్జన్‌గా పనిచేస్తూ, ఆదివారాలు మా ఊరు తిరువూరులో క్లినిక్ చూసేవాణ్ణి. అక్కడ షామియానాలు, పెళ్లి లైటింగు అద్దెకిచ్చే ఖాదర్ గారు ఏడేళ్ల మనవరాలు రేష్మాను తీసుకొచ్చారు. అప్పటికే ఆ పిల్లకు కడుపులో రెండు ఆపరేషన్లయ్యాయి. వాటివల్ల పేగులు ఒకదానికొకటి అతుక్కుని దారి మూసుకుపోయింది. ఆ అతుకుల్ని అడ్హీషన్స్ అంటాం.

"మూడోసారి కూడా కొయ్యాలా, డాక్టర్ సాబ్?"

"ఈసారి కడుపులోనే లైటు వెలుగుతుంది, చూడండి!" అన్నాను గొప్పగా.

ఐసీజీ అనే రంగు మందు నరానికి ఎక్కిస్తే, రక్తం బాగా పారే చోటు ప్రత్యేక కెమెరాలో ఆకుపచ్చగా మెరుస్తుంది. పేగు వెలుగుతుంది, అతుకు చీకటిగానే ఉంటుంది. అయితే మా కెమెరాకి థియేటర్ లైట్లు ఆపాలి. ఆ ఒక్క ముక్కా ఆయనకి చెప్పలేదు.

ఆపరేషన్ రోజు విజయవాడ ఆసుపత్రిలో థియేటర్ తలుపు అద్దం చీకటిపడగానే, బయట కూర్చున్న ఆయన కరెంటు పోయిందనుకుని కిందికి పరిగెత్తి, తాను వచ్చిన పెళ్లి సామాను ఆటోలోంచి ఫోకస్ లైటు మోసుకొచ్చి తలుపు బాదారు. దీన్ని అందరికీ చెప్పి నవ్వించింది నేనే. నేను దాచిన మిగతా సగం ఇది.

లోపల మత్తు డాక్టరు సుజాత గారు, "రంగు మందు ఇప్పుడే ఎక్కించానండీ, మెరవడానికి ఒక్క నిమిషం ఆగండి," అన్నారు.

"ఇరవై ఏళ్లుగా చూస్తున్నా. ఇది అడ్హీషనే," అంటూ ఒక సన్నటి తాడులాంటి దానికి కత్తెర ఆనించాను.

అప్పుడే బయటినుంచి తలుపు బాదుడు. "సాబ్! కరెంటు పోయింది! కొయ్యకండి! లైటు తెచ్చా!"

మండిపోయి తలుపువైపు తిరిగాను. "ఎవరయ్యా అది? పంపించెయ్యండి!" అని అరిచి మళ్లీ స్క్రీన్ చూస్తే, ఆ తాడు పచ్చగా మెరుస్తోంది. పేగు. కోసి ఉంటే ఆ పిల్ల గతేమిటి? కత్తెర వెనక్కి తీశాను.

రేష్మా నాలుగో రోజున ఇడ్లీ కోసం పేచీ పెట్టింది. నేను మాత్రం "నా చెయ్యి అలాంటిది" అని కోతలు కోస్తూ తిరిగాను.

ఈమధ్య ఖాదర్ గారి కొట్టుకెళ్లి, ఆ రోజు నా కత్తెరని ఆపింది ఆయన బాదుడేనని నిజం చెప్పాను.

"నేను కనపడితే చాలు, ఊళ్లోవాళ్లు 'కరెంటు పోయిందా భాయ్' అంటున్నారండీ. ఇప్పుడు వాళ్లకి ఎవరు చెప్తారు?"

"నేనే."

అందుకే ఇది రాశాను. ఇప్పుడు లైట్లు ఆపుతామని ముందే ఇంటివాళ్లకి చెబుతున్నాను, కాబట్టి తలుపు ఎవరూ బాదరు. కత్తెర ఆనించేముందు ఆ బాదుడు నేనే తలుచుకుంటాను.