మా ఆయన మాట్లాడని నెల

మొన్న హైదరాబాదు నుంచి మా మనవరాలు ఫోన్ చేసింది. కొలువు ఉంటుందో ఊడుతుందో తెలియని భయంలో వాళ్లాయన ప్రతిదానికీ కసురుకుంటున్నాడట. "నేనంటే ఇష్టం పోయిందేమో అమ్మమ్మా" అని ఏడ్చింది. నాకు పదిహేడేళ్లప్పుడు జహీరాబాదులో నేనూ సరిగ్గా ఇట్లాగే ఏడ్చాను కనుక, జాలితో పాటు కొంచెం నవ్వు కూడా వచ్చింది, దేవుడు క్షమించాలి.

అవి నవాబు పాలనలో, రెండో ప్రపంచ యుద్ధం రోజులు. పండిన జొన్నల్లో సర్కారుకు లెవీ కొలిచి ఇవ్వాలి. ఇంట్లో తినడానికి మిగిలాయా లేదా అని అడిగేవాడు లేడు. అంతకు ముందు మా ఆయన చేను నుంచి వస్తూ రుమాల్లో సీతాఫలాలు మూట కట్టి తెచ్చేవాడు. ఆ ఏడు కోతలయ్యాక నేను ఝరాసంగంలో పుట్టింట నాలుగు రోజులుండి వచ్చేసరికి మనిషే మారిపోయాడు. పలకరిస్తే ముఖం తిప్పుకుంటాడు. పడకటింట్లో మంచం జరపకూడదు, నేల అలకకూడదు. "నువ్వు ముట్టకు, నేనే అలుకుత" అని పేడ కలుపుకుని తానే కూర్చునేవాడు. వాడలో నా అలుకుడుకు పేరుండేది. మగవాడు అలకడం నేనెక్కడా చూడలేదు. నా చేతి పని కూడా ఆయనకు రోత పుట్టిందనుకున్నాను. నెల రోజులు ఓర్చి, ఇక తిరిగి రాకూడదనే నిశ్చయంతో బట్టలు మూట కట్టుకున్నాను.

గడప దాటబోతుంటే లెవీ వసూలు చేసే గిర్దావరు ఎదురొచ్చాడు. "జొన్నలు ఏడ పాతరేసిన్రమ్మా?" అన్నాడు. "నాకెట్ల తెలుస్తది సాబ్! ఆయన నాతోని మాట్లాడక నెలయితున్నది" అని అక్కడే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాను. పాపం, ఆ పెద్దమనిషి "జర సబర్ చెయ్యమ్మా" అని బుజ్జగించి, ఇల్లు వెతకకుండానే వెళ్లిపోయాడు.

పశువుల కొట్టంలోంచి అంతా విన్న మా ఆయన వచ్చి నా ముందు చతికిలబడ్డాడు. జొన్నలు మంచం కిందే గొయ్యి తీసి దాచాడట. "నీకు అబద్ధమాడ రాదు. నీ మొకం చూస్తె ఏడ చెప్పేస్తనో అని మాట్లాడుడే బంద్ చేసిన. గింజలు దాసుకోబోయి నిన్ను పోగొట్టుకుంటుంటి" అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. మంచం జరిపి చూస్తే ఆయన అలుకు అంతా మిట్టపల్లాలే. "గిట్ల అలికితె చిన్నపిల్లలు సుత గుర్తు పడతరు. జర పక్కకు జరుగు" అని కొంగు దోపి నేనే అలికాను. మూట విప్పాలని మరునాటిదాకా గుర్తే రాలేదు.

తరువాత లెవీ పోయింది, దాన్ని పెట్టిన సర్కారూ పోయింది. ఆయనతో నలభై ఏళ్లు కాపురం చేశాను. ఆయన లేని ఈనాడు, మాట్లాడుకోకుండా పోగొట్టుకున్న ఆ ఒక్క నెలనూ ఎవరైనా తిరిగి ఇస్తే బాగుండుననిపిస్తుంది.