తోలు పరచిన మేజా

చిత్తూరులో పాత దొరల బంగళా ఒకటి ఖాళీ చేసి సామాన్లు వేలం వేస్తే, కోర్టులో గుమాస్తాగా ఉన్న మా నాయన ఒక మహాగని కలప మేజా కొనుక్కొచ్చాడు. నేనప్పుడు ఇంటర్ చదువుతున్నాను. అంతవరకూ ఇంట్లో నాకంటూ చోటు లేదు. వసారాలో కూచుంటే జరగమనేవాళ్ళు, పెరట్లో కూచుంటే ఏదో ఒక పని చెప్పేవాళ్ళు. కుదురుగా ఉండే గుణం నాకు మొదట్నుంచీ లేదు. నాయన మేజాను కిటికీ దగ్గర వేయించి, "ఇది నీకే పాపా, ఈడ కూసోని రాసుకో" అన్నాడు.

దాన్ని చూపించడమంటే నాయనకు పిచ్చి. ఇంటికొచ్చిన వాళ్ళనల్లా పిలిచి, సొరుగు బయటికి లాగి, మూలలు తడిమించేవాడు. ఒక్క మేకు లేదు. రెండు చేతుల వేళ్ళు పెనవేసుకున్నట్టు చెక్కలో చెక్క దిగి ఉండేది. ఒక సొరుగు గట్టిగా మూస్తే, లోపలి గాలికి పక్క సొరుగు కాస్త ముందుకొచ్చేది. పైన రాసుకునే చోట నున్నగా ఆకుపచ్చటిదేదో అతికించి, చుట్టూ బంగారు రంగు గీత వేసి ఉంది. రెక్సినే అనుకున్నాం అందరం.

సరస్వతీ పూజ నాడు మా అవ్వ, అంటే నాయన వాళ్ళమ్మ, మేజాను తడిగుడ్డతో తుడిచి, పసుపు కుంకుమ పెట్టి, నా పుస్తకాలు పేర్చింది. తడి తగిలేసరికి వాసన లేచింది. అవ్వ వంగి వాసన చూసి, చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుని, నాయన వైపు తిరిగింది.

"ఒరే, ఇది తోలురా! సదువులతల్లిని తోలు మింద కూసోబెట్టినాను గదరా!"

నాకు నోరు ఊరుకోదు. "తాత జింక తోలు మింద కూసోనే గదా జపం చేసినాడు?" అన్నాను.

"అది మనిషి కూసునేదానికి. పుస్తకం పెట్టేదానికి కాదు."

నాకు ఒళ్ళు మండిపోయింది.

తోలు పీకేస్తేగానీ ఆ గదిలోకి రానని అవ్వ పట్టుబట్టింది. నాయన ఏనాడూ తల్లి మాట జవదాటి ఎరగడు. కత్తి తెచ్చి ఒక మూల లేపాడు. కింద మహాగని లేదు. పాలిపోయిన మామూలు చెక్క, ఎండిపోయిన జిగురు. నేను కాలు గాలిన పిల్లిలా వసారాకూ గదికీ తిరుగుతున్నాను. తోలు పోతే మేజా పాడవుతుంది. వద్దని అడ్డం పడితే మేజానే పంపించేస్తారేమోనని భయం.

నాయన కత్తి కింద పెట్టి, లేపిన మూలను బొటనవేలితో అదిమాడు. "నేను పీకలేనమ్మా. పాప దీని మిందనే రాసుకుంటాది" అన్నాడు. తల మాత్రం ఎత్తలేదు.

అవ్వ మాటంటే మాటే. మళ్ళీ ఆ గదిలో అడుగు పెట్టలేదు. సాయంత్రాలు వచ్చి గడప బయట నిలబడేది. ఆమెకు చదువు రాదు. "ఏం రాస్తా ఉండావే? పెద్దగా సదువు, ఇంటా" అనేది. నేను లోపలినుంచి చదివేదాన్ని. గెలిచిన సంతోషం నాకు ఒక్కరోజూ నిలవలేదు. లేచి ఆమె దగ్గరికి పోదామనిపించేది. పోతే మేజా వదులుకున్నట్టవుతుందని బిగబట్టుకుని కూచునేదాన్ని.

చివరికి ఒక సాయంత్రం ఉండబట్టలేక, నోటుబుక్కు తీసుకొచ్చి గడప మీద ఆమె పక్కన కూలబడ్డాను.

అవ్వ నా రెక్క పట్టుకుని లేపింది. "గడప మింద కూసోగూడదే. పో, నీ మేజా కాడికి పో" అంది.