వీపు చూపిన రాక్షసుడు

ఎమ్మిగనూరులో మా మేనమామ మొన్న ఏకాదశి నాడు కన్నుమూశారు. మగ్గం మీద బతికిన మనిషి. ఎవరినీ నొప్పించి ఎరుగరు. కంప్యూటర్ ఆటలో రాక్షసులను కూడా మర్యాదగానే చంపేవారు. దీపం పెట్టి ఆయనను తలుచుకుంటే నాకు ఏడుపు కన్నా ముందు నవ్వు వస్తోంది. స్వామి క్షమించాలి.

నేను ఆదోనిలో బడికి పోయే రోజులు, ఎనభైల కాలం. అక్కడి పత్తి వ్యాపారి ఒకరు, తమ అబ్బాయి ఆడి ఆడి విసిగి పడేసిన పాత కంప్యూటరును మామకు ఇచ్చారు. దాన్ని టీవీకి తగిలించి, టేప్ రికార్డరులో క్యాసెట్ వేస్తే, కాసేపు కీచుమని అరిచి ఆట వచ్చేది. మనమే తుపాకి పట్టుకుని గోడల సందుల్లో నడుస్తున్నట్టు ఉండేది. ఎదురైన రాక్షసులను కాల్చుకుంటూ పోతే చివర ఒక తలుపు. దాని అవతల ఏముందో ఒక్కసారి చూడాలని మామ కోరిక.

ఆ వేసవి సెలవులంతా ఆయన పక్కనే కూర్చున్నాను. ఎన్ని రోజులు ఆడినా మామ తలుపు దాకా పోనే లేదు. గురి కుదరక కాదు. రాక్షసుడు అటు తిరిగి ఉంటే మామ కాల్చరు.

"ఎనకనుంచి కొట్టేది మర్యాద గాదు పాపా. తిరగనీ."

వాడు తిరిగేవాడు. తిరిగీ తిరగకముందే మామను కాల్చేవాడు.

"సూస్తివా, ఎంత సురుకో!" అని మామ మెచ్చుకునేవారు.

అత్తకు ఒళ్లు మండేది. "మర్యాద నేర్పనీకి నీకు దయ్యాలే దొరికినాయా?"

కంప్యూటరుకు వయసైపోయింది. ఆడుతుండగానే పెనంలా కాలేది. ఇక ఎక్కువ రోజులు రాదని బాగుచేసేవాడు చెప్పేశాడు. నేను ఊరికి పోయే ముందు సాయంత్రం మామ తొలిసారి తలుపు ముందుకు చేరారు. అడ్డంగా ఒకే ఒక రాక్షసుడు. వీపు మా వైపు. కంప్యూటరు పెట్టెలోంచి కాలిన వాసన మొదలైంది.

"కొట్టు మామా! పెట్టె పోతాంది!" అని అరిచాను.

పూజలోంచి లేచి, చేతిలో గంటతోనే అత్త పరుగెత్తుకొచ్చింది. "కొట్టయ్యా! ఎవరు సూస్తాండారు?"

"నేను సూస్తాండా కదే."

మామ టీవీ దగ్గరికి వంగి, గొంతు తగ్గించి పిలిచారు. "ఓ అప్పా, రవంత ఈ పక్క తిరుగప్పా. టైము లేదు."

రాక్షసుడు నిజంగానే తిరగసాగాడు. సగం మొహం కనబడింది. టప్పుమని చప్పుడై బొమ్మ పోయింది.

టీవీ నిండా బియ్యం చల్లినట్టు తెల్లటి చుక్కలు. ఆ వెలుతురులో మామ, మీట మీద వేలు అట్లాగే ఉంచి, వాడు పూర్తిగా తిరిగేదాకా కాచుకుని ఉన్నారు.